అద్దం తీసేశాక



రేడియోలో కెమెరాల గురించి మాట్లాడమంటే మొదట కాస్త తటపటాయించాను. ఒక్క ఫొటో అయినా చూపించే వీలు లేదు కదా. తరవాత తోచింది, పాత రకం కెమెరాకీ కొత్త రకం కెమెరాకీ ఉన్న మొదటి తేడా చెవికే తెలుస్తుందని. పెళ్లి వేదిక ముందు ఫొటోగ్రాఫర్ బటన్ నొక్కగానే 'ఠక్' మంటుంది చూడండి, అది ఒక్క చప్పుడు కాదు. లోపల ఒక అద్దం పైకి లేస్తుంది, దాని వెనక షట్టర్ తెర తెరుచుకుని మూసుకుంటుంది, అద్దం మళ్లీ కిందికి దిగుతుంది. ఇదంతా రెప్పపాటులో జరిగిపోతుంది కాబట్టి మనకు ఒకే చప్పుడులా వినిపిస్తుంది. అది డీఎస్ఎల్ఆర్. కొత్తగా వచ్చిన మిర్రర్‌లెస్ కెమెరాలో ఆ అద్దం లేదు. కొన్నింటిలో షట్టర్ తెర కూడా లేదు. వాటిలో బటన్ నొక్కితే ఏ చప్పుడూ రాదు. చప్పుడు లేకపోతే ఎదుటివాళ్లకు ఫొటో అయిందో లేదో తెలియదు, గ్రూపు ఫొటోలో నిలబడ్డవాళ్లు నవ్వు బిగబట్టుకుని అలాగే ఉండిపోతారు. అందుకని ఈ కెమెరాల్లో చిన్న స్పీకరు పెట్టి, దొంగ 'ఠక్' ఒకటి వినిపించే ఏర్పాటు చేశారు!

ఏది మేలు అని చాలామంది అడుగుతుంటారు. ఊరికే సిద్ధాంతం చెబితే గాలిలో మాటలవుతాయి కాబట్టి ఒక జతను ఎదురెదురుగా పెట్టి చూద్దాం. ఒకటి నికాన్ డి850, డీఎస్ఎల్ఆర్. 2017లో వచ్చింది, ఆ కంపెనీకి నూరేళ్లు నిండిన ఏడాది. రెండోది అదే కంపెనీ మిర్రర్‌లెస్ కెమెరా జెడ్8, 2023 మేలో వచ్చింది. ఈ జతనే ఎందుకు తీసుకున్నానంటే, రెండింటిలోనూ సెన్సార్ కొలత ఒకటే, ఫుల్ ఫ్రేమ్. పిక్సెళ్లు రెండింటిలోనూ 4 కోట్ల 57 లక్షలే. వెలుతురును ఎంత చురుగ్గా అందుకోవాలో చెప్పే ఐఎస్ఓ మొదలయ్యేది రెండింటిలోనూ 64 దగ్గరే. అంటే ఫొటోను పట్టుకునే పలక ఇంచుమించు సమానం. అద్దం ఉండటం, లేకపోవడం వల్ల ఏం మారిందో తేల్చుకోవడానికి ఇంతకంటే మంచి జత దొరకదు. కంపెనీ పేరు చెబుతున్నది ప్రచారానికి కాదు లెండి. కేనన్ పట్టుకున్నవాళ్లకూ సోనీ పట్టుకున్నవాళ్లకూ కథ ఇంచుమించు ఇదే.

అసలు ఆ అద్దం ఎందుకు వచ్చింది? రాజా దీన్ దయాళ్ పేరు వినే ఉంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్. ఆయన కాలపు పెట్టె కెమెరాలో వెనకవైపు గరుకు గాజుపలక ఉండేది. దాని మీద దృశ్యం తలకిందులుగా పడేది. నల్లగుడ్డ కప్పుకుని దాన్ని చూసి, ఫోకస్ సరిచేసుకుని, ఆ తరవాత అక్కడ ప్లేటు పెట్టాలి. ప్లేటు పెట్టాక కెమెరాలోంచి ఇక ఏమీ కనిపించదు. నవాబుగారు ఆ లోపు కాస్త కదిలారంటే ఫొటో పోయినట్టే. ఎస్ఎల్ఆర్ కెమెరా ఈ చిక్కును చాలావరకు తీర్చింది. లెన్స్ వెనక 45 డిగ్రీల వాలులో అద్దం పెట్టి, లెన్స్ చూస్తున్నదాన్నే పైకి మళ్లించి, మన కంటికి అందించింది. మొదట్లో ఫొటో తీశాక అద్దం పైనే ఉండిపోయేది. రీలు తిప్పితేగాని మళ్లీ కనిపించేది కాదు. 1954లో జపాన్‌కు చెందిన అసాహి కంపెనీ, లేచిన అద్దం వెంటనే దిగే కెమెరాను మార్కెట్లోకి తెచ్చింది. 1959లో నికాన్ ఎఫ్ వచ్చింది. అక్కడినుంచి సుమారు అరవై ఏళ్లు పత్రికా ఫొటోగ్రాఫర్లు, స్టూడియోవాళ్లు ఎక్కువగా ఆ పద్ధతిమీదే బతికారు. మధ్యలో ఫిలిం పోయి సెన్సార్ వచ్చింది, కానీ అద్దం మాత్రం కదల్లేదు.

ఇక్కడ ఒక్క విషయం జాగ్రత్తగా వినండి, నేను చెప్పబోయేదంతా దీనిమీదే ఉంది. అద్దం పైకి లేచినప్పుడే వెలుతురు సెన్సార్ మీద పడుతుంది. అద్దం పైకి లేచినప్పుడే వ్యూఫైండర్ చీకటవుతుంది. అంటే డీఎస్ఎల్ఆర్ పట్టుకున్న మనిషి, సరిగ్గా ఫొటో పడుతున్న క్షణంలో ఏమీ చూడడు. ముందు క్షణం చూస్తాడు, తరవాతి క్షణం చూస్తాడు. 'నువ్వు చూశావంటే అది నీకు దక్కలేదన్నమాటే' అని ఫొటోగ్రాఫర్లు పూర్వం నుంచీ అనుకునేది అందుకే. దీన్ దయాళ్ కాలంలో కొన్ని నిమిషాలున్న ఆ గుడ్డితనం సెకనులో చిన్న ముక్కకు తగ్గింది గాని, పూర్తిగా పోలేదు.

జెడ్8లో అది పోయింది. అద్దం లేదు కాబట్టి సెన్సార్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. అది చూస్తున్నదాన్ని లోపల ఉన్న చిన్న తెరమీద మనకు చూపిస్తుంది. ఫొటోలు రికార్డవుతున్నంతసేపూ ఆ తెర ఆరిపోదు. సెన్సార్‌నుంచి రెండు దారులు తీసి, ఒకటి కార్డుకు, ఒకటి మన కంటికి పంపుతారు. సెకనుకు 20 రా ఫొటోలు, అంటే సెన్సార్ పట్టినది పట్టినట్టే ఉంచే ఫైళ్లు, తీస్తున్నా కంటిముందు దృశ్యం తెగదు. డి850 వేగం సెకనుకు 7, అదీ ప్రతిసారీ అద్దం లేచి దిగుతూ.

ఇంతకీ ఫొటో నాణ్యత మాటేమిటి? నిర్మొహమాటంగా చెబుతాను. స్టాండు మీద పెట్టి రెండింటితోనూ ఒక కొండను తీసి, పెద్ద సైజులో ప్రింటు వేయించి గోడకు తగిలిస్తే, ఏది దేనితో తీశారో చెప్పడం నావల్ల కాదు. తక్కువ ఐఎస్ఓలో నీడల వివరాలు పైకి లాగాల్సి వస్తే పాతదే వెంట్రుకవాసి మెరుగని ప్రయోగశాలల కొలతలు కూడా అంటున్నాయి. అందుకని 'ఫొటోలు బాగా వస్తాయి' అన్న ఒక్క కారణంతో కెమెరా మార్చేవాళ్లను చూస్తే నాకు డబ్బు మీద జాలేస్తుంది. మారింది ఫొటో అందం కాదు, ఫొటో దొరకడం.

పాలపిట్టనే తీసుకోండి. తెలంగాణ రాష్ట్ర పక్షి, దసరా నాడు కనిపిస్తే శుభమని ఎదురుచూస్తాం. కరెంటు తీగమీద కూర్చున్నప్పుడు అది కాస్త మట్టిరంగు పిట్టే. దాని అందమంతా రెక్కలు విప్పినప్పుడు బయటపడే నీలంలో ఉంది. అది ఎప్పుడు ఎగురుతుందో మనకు చెప్పదు. డి850తో తీసేవాళ్లు చేసేది ఏమిటంటే, పిట్టమీద ఫోకస్ పెట్టి, కొంచెం ముందుకు వంగుతుందా, రెట్ట వేస్తుందా అని కనిపెడుతూ, కదిలీ కదలగానే నొక్కడం. మనిషి కన్ను చూసి, వేలు నొక్కి, అద్దం లేచే లోపు పిట్ట ఫ్రేములోంచి సగం బయటికి పోయి ఉంటుంది. దక్కినవాళ్లకు దక్కింది, ఆ దక్కడంలో ఏళ్ల సాధన ఉంది. జెడ్8లో ఒక ఏర్పాటు ఉంది. బటన్ సగం నొక్కి పట్టుకుంటే కెమెరా వరసగా దృశ్యాలను తన లోపల నింపుకుంటూ, పాతవి పారబోస్తూ ఉంటుంది. పిట్ట ఎగిరాక మనం పూర్తిగా నొక్కితే, నొక్కడానికి ముందు ఒక సెకను వరకూ జరిగింది కూడా కార్డులోకి వస్తుంది. జేపెగ్‌లో మాత్రమే, రా ఫైలుగా రాదు, అది వేరే సంగతి. నొక్కకముందే తీసిన ఫొటో అన్నమాట! ఆ ఫొటో నాదా, కెమెరాదా అని నాకు ఇప్పటికీ ఒక మూల గుంజులాటే. కానీ నీలం రెక్కలు పూర్తిగా విచ్చుకున్న ఆ ఫ్రేము చూశాక గుంజులాట ఎక్కువసేపు నిలవదు.

ఫోకస్ సంగతి కూడా చెప్పాలి. డీఎస్ఎల్ఆర్‌లో పెద్ద అద్దం వెనక చిన్న అద్దం ఒకటి ఉంటుంది. పెద్ద అద్దం నడుమ నుంచి కాస్త వెలుతురు దానిమీద పడి, కెమెరా అడుగున ఉన్న ఫోకస్ యంత్రానికి చేరుతుంది. డి850లో ఇలా ఫోకస్ కొలిచే చోట్లు 153. అవన్నీ ఫ్రేము నడిమి భాగంలోనే గుమిగూడి ఉంటాయి. ఫ్రేము అంచున ఉన్న ముఖం కావాలంటే నడుమ ఫోకస్ పట్టి, కెమెరాను పక్కకు జరిపి నొక్కాలి. మిర్రర్‌లెస్‌లో ఫోకస్ కొలిచేది సెన్సారే కాబట్టి, దాదాపు అంచుదాకా ఎక్కడైనా పడుతుంది. పైగా ఇది మనిషి, ఇది కుక్క, ఇది విమానం అని గుర్తుపట్టి, కన్ను వెతుక్కుని, దాని వెంటే పోతుంది. జెడ్8కు 2024 ఫిబ్రవరిలో వచ్చిన సాఫ్ట్‌వేర్ మార్పుతో పక్షులకు వేరే పద్ధతే పెట్టారు. కొన్న కెమెరా కొన్నాక కూడా నేర్చుకుంటోంది. అయితే నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులు తీయడానికి ఇంత హంగామా అక్కర్లేదు. అంత పెద్ద పక్షి, తీరిగ్గా రెక్కలు ఊపుకుంటూ చెట్టుమీద దిగుతుంటే పాత కెమెరా నిక్షేపంగా పట్టుకుంటుంది. లకుముకిపిట్ట నీళ్లలోకి దూకేటప్పుడే తేడా తెలుస్తుంది.

మన పెళ్లిలోకి వద్దాం, ఎందుకంటే మన దగ్గర ఈ కెమెరాల్లో ఎక్కువ భాగం నడిచేది పెళ్లిళ్లమీదే. వధూవరుల మధ్య అడ్డుతెర ఉంటుంది. ముహూర్తానికి జీలకర్ర బెల్లం ఒకరి తలమీద ఒకరు పెట్టుకుంటారు, తెర తీస్తారు, అమ్మాయి ఒక్కసారి కళ్లెత్తి చూస్తుంది. ఆ చూపు కోసమే ఫొటోగ్రాఫర్ చుట్టాల మోచేతులు భరిస్తూ నిలబడి ఉంటాడు. డీఎస్ఎల్ఆర్‌తో ఫోకస్ అప్పటిదాకా తెరమీదే ఉంటుంది, తెర దిగగానే ముఖంమీదికి తేవాలి. చెయ్యి తిరిగినవాళ్లు ముందే పీటల దూరానికి ఫోకస్ బిగించుకుని ఉంచుతారు. మిర్రర్‌లెస్‌లో తెర జారుతుండగానే కన్నుమీద చిన్న చదరం వచ్చి కూర్చుంటుంది. ఇది అబద్ధం కాదు. కానీ పూర్తి నిజమూ కాదు. వేదికమీద కళ్లు రెండే ఉండవు కదా! పురోహితుడు, మేనమామ, ఫోను పట్టుకుని అడ్డం దూరిన పెదనాన్నగారి అబ్బాయి, అందరికీ కళ్లున్నాయి. కెమెరాకు పెళ్లికూతురెవరో తెలియదు. ఎక్కడ వెతకాలో ఫ్రేములో ఒక జాగా గీసి ఇవ్వకపోతే, మేనమామ కన్ను బ్రహ్మాండమైన ఫోకస్‌లో వస్తుంది.

చప్పుడు రాకపోవడం గురించి అమ్మేవాళ్లు గొప్పగా చెబుతారు. మాంగల్యధారణ వేళ గట్టిమేళం మోగుతుంటే పక్కన ఫిరంగి పేలినా వినపడదు. కచేరీలో వీణ ఆలాపన నడుస్తున్నప్పుడు, ఉయ్యాల్లో పాప నిద్రపోతున్నప్పుడు మాత్రం అది నిజంగా పనికొచ్చే గుణమే. దానికో మెలిక ఉంది. సెన్సార్ ఫొటోను ఒక్కసారిగా చదవదు, పైనుంచి కిందికి వరసలుగా చదువుతుంది. జెడ్8 సెన్సార్ ఈ చదువును సుమారు 270వ వంతు సెకనులో ముగిస్తుంది, అందుకే దానికి షట్టర్ తెరే పెట్టలేదు. అంత చురుకుదనం లేని చవకరకం మిర్రర్‌లెస్‌లలో చప్పుడు లేకుండా తీయాలని ఎలక్ట్రానిక్ షట్టర్ పెడితే, ఊగే క్రికెట్ బ్యాటు వంగిపోతుంది. కల్యాణమండపంలో వేదిక వెనక ఎల్ఈడీ గోడ ఉంటే ఫొటో నిండా అడ్డచారలు పడతాయి. ఆ లైట్లు మన కంటికి నిలకడగా కనిపించినా, నిజానికి క్షణక్షణం ఆరి వెలుగుతుంటాయి. ఎల్ఈడీ వెలుగులో చవకరకం కెమెరా చేతిలో ఉన్నవాళ్లు మామూలు మెకానికల్ షట్టర్ పెట్టుకోవడమే మంచిది.

వ్యూఫైండర్ దగ్గర నాకు పాతదంటేనే ప్రేమ. గాజులోంచి కనిపించేది అసలైన వెలుతురు. మధ్యాహ్నపు ఎండలో, చెరువుగట్టున, కంటికి హాయిగా ఉంటుంది. కెమెరా ఆపేసినా కనిపిస్తుంది. గంటలకొద్దీ చూసినా బ్యాటరీ తరగదు. కొత్తదానిలో మనం చూసేది టీవీ. కానీ ఆ టీవీ చేసే మేలు చిన్నది కాదు: ఫొటో ఎలా రాబోతోందో ముందే చూపిస్తుంది. తెల్ల పంచెమీద వెలుతురు ఎక్కువైతే, ముఖం నల్లబడితే, నొక్కకముందే తెలుస్తుంది. డీఎస్ఎల్ఆర్‌లో లోకం కనిపిస్తుంది, దాన్ని ఫొటోగా మనం లోపల ఊహించుకోవాలి. నేర్చుకునేవాళ్లకు ఆ ఊహ అలవాటు కావడం మంచిదని నా పట్టుదల, కాదనేవాళ్లతో వాదించను. స్టూడియోలో రేడియో ట్రిగ్గర్ పెట్టి ఫ్లాష్ లైట్లు వాడేవాళ్లు మాత్రం ఈ ముందస్తు ప్రదర్శన ఆపేసుకోవాలి. ఫ్లాష్ ఇంకా వెలగలేదు కదా, కెమెరాకు కనిపించేది చీకటే, తెరంతా నల్లగా ఉంటుంది.

బ్యాటరీలో పాతదానిదే పైచెయ్యి, అదీ కొద్దిగా కాదు. రెండింటివీ ఒకే వంశపు బ్యాటరీలు, ఒకే కొలత. ఒకసారి చార్జి చేస్తే డి850 ఇచ్చేది 1840 ఫొటోలు, జెడ్8 ఇచ్చేది 330, 340 అంతే. ఇవి జపాన్ కెమెరా కంపెనీల సంఘం పెట్టిన పరీక్ష లెక్కలు. బండి మైలేజీకి భిన్నంగా, ఇక్కడ కంపెనీ చెప్పినదానికంటే చేతిలో ఎక్కువే వస్తుంది, వరసగా తీసేవాళ్లకు మరీ ఎక్కువ. అయినా తెల్లవారుజాము ముహూర్తానికి వెళ్లేవాళ్లు పాతదానికి ఒక బ్యాటరీ, కొత్తదానికి మూడు జేబులో వేసుకోవాల్సిందే.

మిర్రర్‌లెస్ తేలిక అనే మాట కూడా విని ఉంటారు. బ్యాటరీ, కార్డుతో కలిపి డి850 బరువు 1005 గ్రాములు, జెడ్8 బరువు 910. తేడా వంద గ్రాముల లోపే. పాత లెన్సులు కొత్త బాడీకి తగిలించాలంటే మధ్యలో ఎఫ్‌టీజెడ్ అనే అడాప్టర్ పెట్టాలి. ఇప్పటి రకం బరువు సుమారు 125 గ్రాములు. కలిపి చూసుకోండి, కొత్తదే బరువైంది!

ఆ అడాప్టర్ ఎందుకంటే, అద్దం తిరగడానికి జాగా కావాలని పాత కెమెరాల్లో లెన్స్ అమరే చోటుకీ సెన్సార్‌కీ మధ్య 46.5 మిల్లీమీటర్ల దూరం పెట్టారు. అద్దం పోయాక ఆ దూరం 16కు తగ్గించారు. లెన్స్ వెనక గాజు సెన్సార్‌కు దగ్గరగా పోగలదు కాబట్టి, ముఖ్యంగా వైడ్ లెన్సుల్లో, అంచులదాకా పదునుగా ఉండేవి తయారుచేయడం సులువైంది. మోటారు లోపలే ఉన్న లెన్సులు ఈ అడాప్టర్‌తో చక్కగా పనిచేస్తాయి. మన స్టూడియోల్లో ఏళ్లుగా నమ్మకంగా నడుస్తున్న 50 ఎంఎం 1.8 డి, 85 ఎంఎం 1.8 డి లాంటి లెన్సులకు మోటారు లేదు. వాటిని తిప్పేది బాడీలో ఉన్న స్క్రూ. డి850లో ఆ స్క్రూ ఉంది, అడాప్టర్‌లో లేదు. కొత్త బాడీమీద వాటికి ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే. బాడీ ధర చూసి బడ్జెట్ వేసుకునేవాళ్లు ఈ లెన్సుల ఖర్చు మరిచిపోకూడదు. మన దేశంలో విడుదలైనప్పుడు డి850 బాడీ రెండున్నర లక్షల పైచిలుకు, జెడ్8 సుమారు మూడు లక్షల నలభై నాలుగు వేలు.

వీడియో తీసేవాళ్లకు ఇంత ఆలోచన అక్కర్లేదు. వీడియోలో అద్దం ఎలాగూ పైకి లేచే ఉండాలి, అప్పుడు డి850 అడుగున ఉన్న ఫోకస్ యంత్రం పనిలేకుండా కూర్చుంటుంది. నడిచివచ్చే మనిషిని పట్టుకోవడానికి కెమెరా ముందుకీ వెనక్కీ తడుముకుంటుంది. వాళ్లు మిర్రర్‌లెస్‌కే పోవాలి.

పరిగెత్తే పిల్లలు, ఆటలు, పక్షులు, రద్దీ వేదికలు మీ పనైతే అప్పు చేయకుండా కొనగలిగినప్పుడు కొత్తది తీసుకోండి. గుళ్లు, శిల్పాలు, కొండలు, స్టూడియోలో కూర్చోబెట్టి తీసే ఫొటోలైతే పాతది అమ్ముకోవద్దు. అసలు కెమెరాయే లేనివాళ్లకు నా సలహా, పెళ్లి ఫొటోలు తీసేవాళ్లు మిర్రర్‌లెస్‌కు మారుతూ వదిలేస్తున్న డీఎస్ఎల్ఆర్‌లను ఒకసారి సెకండ్ హ్యాండ్‌లో చూడమని. కొనేముందు దానితో ఒక ఫొటో తీసి, ఆ ఫైలులో షట్టర్ ఎన్నిసార్లు ఆడిందో చూడండి. డి850 షట్టర్‌ను కంపెనీ రెండు లక్షలసార్లు ఆడించి పరీక్షించింది. దానికి దగ్గరపడ్డదైతే బేరం గట్టిగా ఆడండి. మీ లెన్స్ వెంట తీసుకెళ్లి, అపర్చర్ పూర్తిగా తెరిచి, దుకాణంలోనే ఏ డబ్బామీది అక్షరాలనో కాస్త ఏటవాలుగా తీయండి. ఫోకస్ పెట్టిన వరస మసకగా ఉండి దాని ముందుదో వెనకదో పదునుగా వస్తే, అడుగున ఉన్న ఫోకస్ యంత్రానికీ సెన్సార్‌కీ లెక్క కుదరడం లేదన్నమాట. భయపడక్కర్లేదు, మెనూలో ఏఎఫ్ ఫైన్ ట్యూన్ అని ఉంటుంది, అటు 20, ఇటు 20 వరకు జరుపుకోవచ్చు. 20 దాకా జరిపినా కుదరకపోతే మాత్రం ఆ బాడీ దుకాణంలోనే వదిలేసి రండి.